పర్చూరులో భోగినీళ్ళు

పిల్లలూ! మీరు పర్చూరు చూశారా? చూడకపోతే సంక్రాంతి రోజుల్లో ఒకసారి వెళ్ళి చూడండి. చీరాలలో రైలు దిగి బస్సెక్కితే వాయవ్యంగా సుమారు 20 కిలోమీటర్లు ప్రయాణం. చీరాల దగ్గర నేలంతా ఇసుక. కొంతదూరం పోయేసరికి ఆ ఇసుక మాయమై నల్లరేగడి మొదలవుతుంది. ఈ రేగడి తమాషా నేల. వానకు బంకలా మారి కాలిచెప్పులు ఊడబెరుకుతుంది. ఎండకు నెర్రెలు విచ్చి, మీ చేయి దూరేటంత సందు ఇస్తుంది. పత్తికీ, మిరపకూ, శనగకూ, పొగాకుకూ ఈ నేల అంటే ఎంతో ఇష్టం. జనవరిలో బస్సు కిటికీలోంచి చూస్తే ఒక పక్క పగిలిన పత్తికాయలు తెల్లగానూ, మరొక పక్క పండుమిరప ఎర్రగానూ కనిపిస్తాయి.

ఈ ఊరికి మరొక విచిత్రం ఉన్నది. ఊరు ఉన్నచోటనే ఉన్నది గాని, జిల్లాలు మారుతూ వచ్చాయి. మొదట గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్తగా ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులో చేరింది. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల జిల్లా పుట్టింది, పర్చూరు అందులోకి వెళ్ళింది. ఇల్లు మారకుండానే మూడు జిల్లాలలో కాపురం చేసిన ముసలమ్మలు ఆ ఊళ్ళో ఉన్నారన్నమాట!

మా చెల్లెలిని ఆ ఊరే ఇచ్చాము. ఒక సంక్రాంతికి నేను భోగికి ముందు రోజునే అక్కడికి చేరాను. గడపలో అడుగుపెట్టీ పెట్టకముందే చెల్లెలి మనవడు ఎదురువచ్చాడు. వాడికి ఎనిమిదేళ్ళు. తల్లితోనూ, అయిదు నెలల చెల్లెలితోనూ ఇంగ్లండు నుంచి పండుగకు వచ్చాడు.

"తాతయ్యా, మా ఇంట్లో వేడినీళ్ళ యంత్రం వచ్చింది. రేపు భోగినీళ్ళు అందులోనే!" అన్నాడు.

మా బావగారు కూడా నవ్వుతూ వచ్చి, "రండి బావగారూ, ముందు దాన్ని చూసి తరువాత కాళ్ళు కడుక్కోండి," అన్నారు.

స్నానాలగదిలో గోడకు తెల్లటి పెట్టె ఒకటి బిగించి ఉన్నది. దాని పేరు గ్యాసు గీజరు. కింద ఒక పక్కనుంచి చన్నీళ్ళు పోతాయి, మరొక పక్కనుంచి వేడినీళ్ళు వస్తాయి. మధ్యలో గ్యాసు గొట్టం. వంటింట్లో ఉండే ఎర్రటి సిలిండరు లాంటిదే ఇంకొకటి ఆ గదిలోనే ఒక మూల నిలబెట్టి ఉన్నది. పైన ఉన్న చిన్న కిటికీకి చలిగాలీ, దోమలూ రాకుండా అట్టముక్క పెట్టి మేకులు కొట్టారు.

"ఇంకా వెలిగించలేదు. తెల్లవారుజామున మొదటి నీళ్ళు పసిదానికి పోయాలని మీ చెల్లెలు పట్టుదల," అన్నారు బావగారు.

నా చెల్లెలి పట్టుదలకు కారణం లేకపోలేదు. ముప్పయి అయిదేళ్ళుగా ఆమె పెరట్లో పత్తికంప, మిరపకట్టె మంటపెట్టి నీళ్ళు కాచింది. మిరపకట్టెకు ఎక్కడో ఒక ఎండుకాయ అంటుకొని ఉంటే చాలు, ఇంటిల్లిపాదీ దగ్గి దగ్గి చస్తారు. పొగకు ఆమె కళ్ళు దెబ్బతిన్నాయి. మోకాళ్ళు వంగటం లేదు. అటువంటి మనిషికి గ్యాసు వచ్చిందంటే సంతోషించాలా, వద్దా? నేనూ సంతోషించాను. కాని ఆ గదిలో నిలబడి చూసేసరికి నా గుండె గుభేలుమన్నది. ఎందుకో చెబుతాను.

ఆ మాట నేను అనకముందే మనవడు అన్నాడు: "తాతయ్యా, పెరట్లో ఉన్న పాత బాయిలరుకు నెత్తిమీద గొట్టం ఉందిగా? దీనికి గొట్టమేదీ?"

చూశారా పిల్లలూ! పెద్దవాళ్ళందరూ పెట్టె తళతళ చూసి మురిసిపోయారు. వాడు మాత్రం దానికి లేనిదేదో చూశాడు. సైన్సు అంటే ఇదే.

నేను వాణ్ణి పెరట్లోకి తీసుకుపోయాను. అక్కడ మా చెల్లెలి అత్తగారి కాలంనాటి రాగి బాయిలరు బోర్లించి ఉన్నది. మీలో కొందరి ఇళ్ళల్లో ఇప్పటికీ ఉండవచ్చు. అది చూడటానికి పెద్ద బిందెలా ఉంటుంది. నడిమధ్యలో కిందినుంచి పైదాకా ఒక గొట్టం. అడుగున నిప్పు, గొట్టం చుట్టూ నీరు. మంట తాలూకు వేడిగాలీ, పొగా ఆ గొట్టం గుండా పైకి పోతూ పోతూ, చుట్టూ ఉన్న నీటికి వేడి అంతా ఇచ్చివేసి, ఆ తరువాత ఆకాశంలోకి వెళ్ళిపోతాయి. మన కంచరివాళ్ళు ఏ కాలేజీలో చదివారని! కాని వేడిని ఇంట్లో ఉంచుకొని పొగను బయటికి పంపే కిటుకు వాళ్ళకు తెలుసు.

"పొగ కనబడుతుంది కాబట్టి దానికి దారి ఇచ్చారు. గ్యాసు మంటకు పొగ కనబడదు. కనబడలేదు గదా అని దారి మరచిపోయారు," అన్నాను.

"కనబడకపోతే ఉన్నట్టెలా తెలుస్తుంది?" అన్నాడు వాడు.

అప్పుడు వాడికి చెప్పిన కథనే మీకూ చెబుతాను. నాకు ఏడేళ్ళప్పుడు మా ఇంట్లో ఒక పాప పుట్టింది. చలికాలం. పురిటిగది తలుపులు మూసి, కిటికీలకు గోనెపట్టాలు కట్టి, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టారు. తల్లీ బిడ్డా వెచ్చగా ఉండాలని వాళ్ళ తాపత్రయం. బొగ్గులు కణకణలాడుతున్నాయి, పొగ లేదు, వాసన లేదు. తెల్లవారుజామున మంత్రసాని వచ్చి తలుపు తోసింది. మా అమ్మ పిలిస్తే పలకలేదు. పాప ఏడవలేదు. మంత్రసానికి ఏమి తోచిందో ఏమో, బిడ్డను ఎత్తుకొని వాకిట్లోకి పరుగెత్తింది. మా నాన్న అమ్మను మోసుకొచ్చి అరుగుమీద పడుకోబెట్టాడు. చల్లగాలి తగిలిన కొంతసేపటికి పాప కేరుమన్నది. అమ్మకు మెలకువ వచ్చింది గాని రెండు రోజులపాటు తలనొప్పి, వాంతులు. ఊరంతా దయ్యం గాలి సోకిందన్నారు. గాలి మాట నిజమే. కాని అది దయ్యపు గాలి కాదు. దాని పేరు కార్బన్ మోనాక్సైడు. ఈ సంగతి ట్రెయినింగు కాలేజీలో చదువుకొనేదాకా నాకూ తెలియదు.

"ఆ పాప బతికిందా తాతయ్యా?" అన్నాడు మనవడు.

"వంటింట్లో అరిసెలు వత్తుతున్నది చూడు, మీ అమ్మమ్మ. ఆ పాప ఆమే!" అన్నాను.

వాడు నోరు తెరిచి వంటింటివైపు చూశాడు.

ఇప్పుడు ఆ గాలి సంగతి వినండి. కట్టె గాని, బొగ్గు గాని, గ్యాసు గాని మండాలంటే ప్రాణవాయువు కావాలి. కావలసినంత ఉంటే పూర్తిగా మండి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి తయారవుతాయి. చాలకపోతే సగం సగంగా మండి కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మన నెత్తురులో హీమోగ్లోబిన్ అనే పదార్థం ఉన్నది. ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువును ఎత్తుకొని ఒళ్ళంతా పంచిపెట్టటం దాని పని. ఈ దొంగగాలి ప్రాణవాయువుకంటే 200 రెట్లకు పైగా గట్టిగా హీమోగ్లోబిన్‌ను పట్టుకొంటుంది. ఇక బండి నిండా దొంగలే, ప్రాణవాయువుకు చోటేదీ? మొదట తలనొప్పి, తరువాత కళ్ళు తిరగటం, వాంతి, మత్తు. మత్తు వచ్చినవాడు తలుపు తీసుకొని బయటికి రాలేడు. అదే దీనిలోని ఘోరం.

పూర్వం బొగ్గుగనులలో ఈ గాలికి ఎందరో బలి అయ్యారు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1890 ప్రాంతాలలో దీన్ని పరిశోధించి, గనిలోకి చిన్న పిట్టలను తీసుకుపొమ్మని సలహా ఇచ్చాడు. చిన్న ప్రాణి ఊపిరి వేగం ఎక్కువ గనక, మనిషికంటే ముందే దానికి మత్తు వస్తుంది. పిట్ట తూలిందంటే మనుషులు వెంటనే పైకి వచ్చేవారు. బ్రిటన్ గనులలో కేనరీ పిట్టల కొలువు 1986 దాకా సాగింది. తరువాత వాటి చోట యంత్రాలు వచ్చాయి. ఈ హాల్డేన్ కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ కూడా గొప్ప శాస్త్రవేత్తే. ఆయన 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరంలో కన్నుమూశాడు.

ఆ సాయంత్రం నేను బావగారితో సంగతి చెప్పాను. ఆయనకు కొంచెం కష్టం తోచింది. "వేలు పోసి కొన్నాము. పండుగపూట వద్దంటే ఎట్లా బావగారూ? నాలుగు నిమిషాల స్నానానికి ఇంత భయమా?" అన్నారు.

నేను వాదానికి దిగలేదు. మేనకోడలు ముగ్గు గీతల కోసం తెచ్చుకొన్న సుద్దముక్క తీసుకొని నేలమీద లెక్క వేశాను. మీరూ వేయండి. గది పొడవు 6 అడుగులు, వెడల్పు 5, ఎత్తు 8. మొత్తం 240 ఘనపు అడుగులు. అంటే సుమారు 6,800 లీటర్ల గాలి. ఒక కిలో గ్యాసు పూర్తిగా మండటానికి సుమారు 13,000 లీటర్ల గాలి కావాలి. నిమిషానికి 6 లీటర్ల నీళ్ళు కాచే గీజరు గంటకు రమారమి ఒక కిలో గ్యాసు కాలుస్తుంది. పది నిమిషాలకు ఎంత? 13,000లో ఆరో వంతు, అంటే 2,200 లీటర్లు. ఒక్క మనిషి తలంటుకే ఆ గదిలోని గాలిలో మూడో వంతు మంట మింగివేసిందన్నమాట! వరసగా నలుగురు స్నానం చేస్తే?

"మధ్యలో తలుపు తీస్తాంగా?" అన్నారు బావగారు.

"తీస్తారు, కొంత కొత్త గాలి వస్తుంది. కాని మంట గాలి అంతా అయిపోయేదాకా ఆగదు. కొంత తగ్గగానే దొంగగాలిని తయారుచేయటం మొదలుపెడుతుంది. రేపు ఆ గదిలో మొదట కూర్చోబోయేది అయిదు నెలల పసిబిడ్డ. పిట్టలాంటిది," అన్నాను.

అంతవరకు బిడ్డను ఒళ్ళో వేసుకొని వింటున్న మేనకోడలు అప్పుడు అన్నది: "మామయ్య చెప్పింది నిజం నాన్నా. ఇంగ్లండులో మా ఇంట్లోనూ గ్యాసు బాయిలరే. దాని పొగ గొట్టం గోడ బయటికే ఉంటుంది."

ఆ దేశపు బాయిలరు సంగతి మీకు తెలియాలి. అక్కడ చలికాలంలో నీళ్ళు గడ్డకడతాయి. అందుకని ఒక బాయిలరు ఇల్లంతటినీ వెచ్చబెడుతుంది. అది కాచిన నీరు గొట్టాలలో పోయి, గదిగదికీ గోడనానుకొని ఉండే ఇనుప పలకల్లో తిరిగి, మళ్ళీ బాయిలరుకు వస్తుంది. కొత్తది బిగించిన రోజున వెంటనే నిప్పు పెట్టరు. ముందు గొట్టాల్లో నీరు నింపుతారు. ఆ పలకల్లో చిక్కుకున్న గాలిని చిన్న తాళంచెవితో మర తిప్పి బయటికి పంపుతారు. నీటి ఒత్తిడి చూస్తారు. గ్యాసు కారటం లేదని, పొగ గొట్టం తెరిచి ఉన్నదని పరీక్షిస్తారు. ఆ తరువాతనే మంట. ఈ పని పట్టికలో పేరు నమోదైన పనివాడే చేయాలని చట్టం. అద్దె ఇళ్ళల్లో ఇంటి యజమాని ఏటేటా పరీక్ష చేయించాలి. బాయిలరు ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడును పసిగట్టి కూతపెట్టే చిన్న యంత్రం ఉంచాలని 2022 అక్టోబరు నుంచి ఇంగ్లండులో నియమం. అంటే ఇప్పుడు పిట్ట ఉద్యోగం ఆ యంత్రం చేస్తున్నదన్నమాట.

"మరి ఈ గీజరు అన్న పేరు ఏమిటి?" అని మనవడి ప్రశ్న. ఐస్‌లాండు అనే ద్వీపంలో నేలలోంచి వేడినీళ్ళు ఎగజిమ్మే ఊట ఒకటున్నది. దాని పేరు గెయ్‌సిర్. 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన గ్యాసు మంటమీద అప్పటికప్పుడు నీళ్ళు కాచే యంత్రం కనిపెట్టి, ఆ ఊట పేరే దానికి పెట్టాడు. ఆ మొదటి యంత్రానికి కూడా పొగ గొట్టం లేదు! చూడండి, ఎంతటివాళ్ళకైనా ఒక పొరపాటు తప్పదు. దాన్ని తెలుసుకొని దిద్దుకొన్నారు కాబట్టే వాళ్ళు ముందుకు పోయారు.

బావగారు మంచి మనిషి. లెక్కను రెండుసార్లు చూసి, ఫోను తీసి, పెట్టె బిగించిన కుర్రవాణ్ణి పిలిపించారు. అతను, "కిటికీ తెరిచి ఉంచమని చెబుదామనుకొని మరచిపోయానండీ," అని నొచ్చుకొన్నాడు. స్నానాలగది గోడకు అవతలి వైపున పెరటి వసారా ఉన్నది. పైన కప్పు ఉన్నది, రెండు పక్కలా బయలు. పెట్టెనూ, సిలిండరునూ అక్కడికి మార్చి, వేడినీళ్ళ గొట్టం ఒక్కటే గోడగుండా లోపలికి తెద్దామని నిర్ణయమయింది. కాని గోడకు తొలిచిన రంధ్రం పూడ్చిన సిమెంటు ఆరాలి. భోగికి అది పనికిరాదు.

"అయితే రేపు నీళ్ళో?" అన్నది మా చెల్లెలు.

"రాగి బాయిలరు ఉన్నదిగా! రేపు మంటపెట్టేది నేను. నువ్వు పీటమీద కూర్చుని చూడు," అన్నాను.

నెలల తరబడి వాడని బాయిలరును ఉన్నట్టుండి వెలిగించకూడదు. మనవణ్ణి వెంటబెట్టుకొని చీకటిపడకముందే దాన్ని సిద్ధం చేశాను. మొదట లోపలా బయటా చింతపండు, ఉప్పు వేసి తోమి కడిగాము. తరువాత గొట్టంలోంచి ఆకాశం కనబడుతున్నదేమో చూడమన్నాను. వాడు కిందినుంచి కన్నుపెట్టి, "చీకటిగా ఉంది తాతయ్యా!" అన్నాడు. కర్రతో పొడిస్తే ఎండుగడ్డి, ఈకలు, ఒక దారపుముక్క రాలిపడ్డాయి. ఏ గోరింక గూడో! పిల్లలు ఎగిరిపోయి చాలా కాలమయింది. పొగ గొట్టం ఉన్నదని మురిస్తే చాలదు, అది తెరిచి ఉన్నదో లేదో చూడాలని వాడికి అక్కడే పాఠమయింది.

తరువాత నీరు నింపి అతుకులు చూశాము. ఒక్కచోటా కారలేదు. ఇక్కడ ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి: ముందు నీరు, తరువాత నిప్పు. రాగి కరగాలంటే 1,085 డిగ్రీల వేడి కావాలి. కాని అతుకులకు వాడే తగరం, సీసం కలిసిన టంకం 200 డిగ్రీల లోపే కరగటం మొదలుపెడుతుంది. లోపల నీరున్నంతసేపు భయం లేదు. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతూ, వచ్చిన వేడినంతా ఆవిరితో పంపివేస్తుంది గనక అతుకు అంతకుమించి పెద్దగా కాగదు. నీరు లేకుండా మంటపెడితే క్షణాలలో టంకం కరిగి బాయిలరు జల్లెడ అవుతుంది. బడిలో నేను పిల్లలకు కాగితపు దొన్నెలో నీరు పోసి దీపంమీద మరిగించి చూపేవాణ్ణి. కాగితం కాలేది కాదు. కారణం ఇదే.

తెల్లవారుజామున నాలుగు గంటలకు వీధిలో భోగిమంట వేశారు. పెరట్లో మేము పత్తికంప మంట వేశాము. గొట్టంలోంచి పొగ నిటారుగా లేచింది. గిన్నెలాంటి మూతిలో ఒక చెంబు చన్నీళ్ళు పోస్తే, రెండో పక్క తొండంలోంచి ఒక చెంబు వేడినీళ్ళు వచ్చాయి. "ఒకటి ఇస్తే ఒకటి ఇస్తుంది!" అని మనవడు చప్పట్లు కొట్టాడు. పసిదానికి నలుగుపెట్టి మొదటి నీళ్ళు పోశారు. సాయంత్రం భోగిపళ్ళు పోస్తే, అది రేగిపండు ఒకటి పిడికిట్లో పట్టుకొని ఎంతకీ వదలలేదు.

కనుమనాడు సిమెంటు ఆరింది. బిగించే కుర్రవాడు వచ్చాడు. గీజరుకు మొదటిసారి మంట వచ్చేది అప్పుడు. అతను ఏమేమి చేశాడో, ఎందుకు చేశాడో చెబుతాను. ఇవి మీరు చేసే పనులు కావు సుమా! పక్కన నిలబడి, పెద్దలు ఏదైనా మరచిపోతే గుర్తుచేయటం మీ పని.

మొదట పెట్టె మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదో లేదో, దానితో వచ్చిన పుస్తకంలో ఏ గ్యాసుకు తయారైనదని రాశారో చూశాడు. సిలిండరులోని గ్యాసు ప్రొపేను, బ్యూటేను అనే వాయువుల మిశ్రమం. అది గాలికంటే బరువు. కారితే పైకి పోదు, నీళ్ళలాగా నేలబారున పారి పల్లంలో నిలుస్తుంది. అందుకని సిలిండరును నిటారుగా, చదునైన నేలమీద, తూముకూ గుంటకూ దూరంగా పెట్టాలి. కొన్ని పట్టణాలలో గొట్టాల ద్వారా ఇళ్ళకు వచ్చే సహజవాయువు వేరు. అది ముఖ్యంగా మీథేను, గాలికంటే తేలిక, పైకి పోతుంది. ఒకదానికి చేసిన యంత్రం మరొకదానికి పనికిరాదు.

రెండవది నీరు. గ్యాసు విప్పకుండానే కుళాయి తిప్పాడు. ముందు బుస్సుబుస్సుమని గాలి, తరువాత తుంపర, ఆ తరువాత నిండుధార వచ్చింది. గొట్టాలలోని మట్టి కొట్టుకుపోయేదాకా వదిలి, అతుకులన్నీ తడిమి చూశాడు.

మూడవది గ్యాసు అతుకులు. కుళాయి కట్టేసి, రెగ్యులేటరు విప్పి, సబ్బునురుగు అతుకుల మీద రాశాడు. గ్యాసు కారుతుంటే అక్కడ బుడగలు లేస్తాయి. ఒక చోట చిన్న బుడగ లేచింది! "అదుగో!" అని మనవడు అరిచాడు. వెంటనే రెగ్యులేటరు కట్టి, పట్టీ బిగించి, మళ్ళీ నురుగు రాశారు. ఈసారి బుడగ లేదు. అగ్గిపుల్ల గీచి పరీక్ష చేసేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు పరీక్షించేది గొట్టాన్ని కాదు, తమ అదృష్టాన్ని.

నాలుగవది బ్యాటరీలు. నిప్పురవ్వ పుట్టించేవి అవి గనక వాటిని చివరనే పెట్టాడు. అప్పుడు కుళాయి విప్పితే, పారే నీటి ఒత్తిడికి లోపల ఒక పొర కదిలి మీట నొక్కుతుంది. టిక్ టిక్‌మని రవ్వ, భగ్గుమని మంట. నీరు పారితేనే మంట. ముందు నీరు, తరువాత నిప్పు! మొదటిసారి వెలగలేదు. కుర్రవాడు మళ్ళీ మళ్ళీ తిప్పకుండా కట్టివేసి, పోగయిన గ్యాసు పోవటానికి కొద్ది నిమిషాలు ఆగాడు. గొట్టంలో మిగిలిన గాలి వల్ల అట్లా జరుగుతుందట. రెండవసారి వెలిగింది. చిన్న కిటికీలోంచి నీలపు మంట కనిపించింది. నీలం మంచి గుర్తు. పసుపు నాలుకలు కనిపిస్తే గాలి చాలటం లేదన్నమాట. ఆపి బాగుచేయించాలి.

అయిదవది ఆర్పటం. కుళాయి కట్టగానే మంట ఆరిపోవాలి. మూడుసార్లు కట్టి విప్పి చూశాడు, ఆరిపోయింది. నీళ్ళను బకెట్లో పట్టి, చన్నీళ్ళు కలిపి, మా చెల్లెలు మోచేత్తో వేడి చూసింది. రాత్రిపూట రెగ్యులేటరు కట్టటం బావగారి వంతు. స్నానాలగది కిటికీ అట్టముక్కను మనవడు తానే పీకించి దోమతెర కొట్టించాడు.

గ్యాసుకు స్వతహాగా వాసన లేదు. కారితే మనకు తెలియాలని మెర్‌కాప్టాన్ అనే గబ్బువాసన పదార్థం కలుపుతారు. ఆ వాసన వస్తే లైటు వేయకండి, వేసి ఉన్నది ఆర్పకండి, రెగ్యులేటరు కట్టించి, తలుపులు తెరిచి, బయటికి పోయి 1906 నంబరుకు ఫోను చేయించండి. స్నానానికి పోయినవాళ్ళు ఎంతకీ పలకకపోతే తలుపు తీసి ముందు గాలిలోకి తీసుకురావాలి, 108కి ఫోను చేయాలి. అయితే ఒక్కటి మరచిపోకండి. కారిన గ్యాసుకు వాసన ఉన్నది గాని, మూసినగది మంటలో పుట్టే దొంగగాలికి లేదు. దానికి మందు ఒక్కటే, బయటికి దారి.

నేను తిరుగుబస్సు ఎక్కబోతుంటే మా చెల్లెలు సంచిలో అరిసెలు పెడుతూ, "అన్నయ్యా, ఆ కుంపటి సంగతి ఇన్నేళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నది.

చెప్పవలసిన అవసరం రాలేదని అన్నాను. అది సరైన జవాబు కాదు. ఇటువంటివి అవసరం రాకముందే చెప్పాలి. అందుకే మీకు చెబుతున్నాను. ఇవాళ సాయంత్రం మీ ఇంట్లో మంట ఉండే చోటల్లా తిరిగి చూడండి. పొయ్యి కానివ్వండి, కుంపటి కానివ్వండి, గీజరు కానివ్వండి, దాని ముందు నిలబడి మా మనవడు అడిగిన ప్రశ్నే అడగండి: "దీనికి గొట్టమేదీ?" జవాబు దొరికేదాకా పెద్దలను వదలకండి.